ఎఱుక తఱిగినవారి మాట – ఇంటివారి పరిచర్య

వార్ధక్యమున మనుష్యుని ఆశ్రయించు వ్యాధులలో వైద్యులు డిమెన్షియా అని వ్యవహరించునది ఒకటి. ఇది వైద్యశాస్త్ర విషయము కదా, తెలుగు శాఖవారి పత్రికలో దీనికి చోటేమి యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. ఈ వ్యాధి వైద్యుని కంటబడుటకు మున్నే ఇంటివారికి మాటలో పొడసూపును. ముదిరిన కొలది రోగికిని ఇంటివారికిని నడుమ తెగిపోవు బంధములలో మాట మొదటిది. మందు చేయలేని మేలును పెక్కు సందర్భములలో మాటయే చేయవలసియున్నది. కావున భాషను వృత్తిగా గైకొన్నవారు దీనితో తమకు సంబంధము లేదనుట పొసగదు. ఈ వ్యాసమున మేము మొదట వ్యాధి స్వరూపమును సంగ్రహముగా తెలిపి, పిదప దానికి తెలుగున గల పేరులను, అది మాటను మార్చు తీరును, ఇంటివారు రోగితో మాటాడవలసిన రీతిని వరుసగా విచారింతుము.

వ్యాధి స్వరూపము

డిమెన్షియా ఒక్క రోగము కాదు. కొన్ని రోగముల వలన కలుగు లక్షణ సముదాయము. జ్ఞాపకము, మాట, ఆలోచన, దారి తెన్నుల ఎఱుక, నడవడి – ఇవి క్రమముగా దెబ్బతిని, నిత్యజీవితమును స్వయముగా నడపుకొనుట అసాధ్యమగు స్థితికి ఆ పేరు. నూటికి 60 నుండి 70 వఱకు రోగులలో దీనికి కారణము అల్జీమరు వ్యాధి. మెదడులోని రక్తనాళములు పూడుకొనుట వలన కలుగునది మఱియొకటి. లూయీ కణికల వలన కలుగునది వేఱొకటి. మెదడు ముందుభాగమును, పక్కభాగమును క్షీణింపజేయునది ఇంకొకటి. దీనియందు జ్ఞాపకము చెడుటకు ముందే నడవడి గాని మాట గాని చెడును.

అలోయిస్ అల్జీమరు అను జర్మను వైద్యుడు 1901లో ఫ్రాంక్‌ఫర్టు వైద్యశాలలో 51 ఏండ్ల స్త్రీ నొకతెను పరీక్షించెను. ఆమె 1906లో మరణించిన పిదప ఆమె మెదడును సూక్ష్మదర్శినితో శోధించి, ఆ యేడే నవంబరులో ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో తాను కనినదానిని వివరించెను. 1910లో క్రేపెలిన్ తన గ్రంథమున ఆ వ్యాధికి అల్జీమరు పేరు పెట్టెను. మనము గమనింపవలసిన దేమనగా, ఆ తొలి రోగి వృత్తాంతము చాలమట్టుకు సంభాషణ రూపముననే లిఖింపబడినది. పేరేమని అడిగిన తన పేరు చెప్పెడిది. భర్త పేరేమని అడిగినను తన పేరే చెప్పెడిది. పేరు వ్రాయుమన్నచో నడుమ ఆగిపోయెడిది. అనగా ఈ వ్యాధి చరిత్ర భాషాపరిశీలనతోనే మొదలైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2021లో లోకమున 5 కోట్ల 70 లక్షలమంది ఈ స్థితిలో నుండిరి. భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి ఇది కలదని 2023లో ప్రకటితమైన జాతీయ అంచనా తెలుపుచున్నది. పురుషులకంటె స్త్రీలలోను, నగరములకంటె పల్లెలలోను ఇది అధికముగా నున్నట్లు ఆ పరిశోధకులు కనుగొనిరి.

వృద్ధాప్యమున సహజముగా కలుగు మఱపు వేఱు, ఈ వ్యాధి వేఱు. తాళపుచెవి ఎక్కడ పెట్టితిమో మఱచుట సహజము. తాళపుచెవి దేనికో తెలియకపోవుట వ్యాధి. అట్లని లక్షణములు కనబడినంతనే ఇది తీరని రోగమని నిశ్చయింపరాదు. థైరాయిడు లోపము, బి12 విటమిను కొఱత, మనోవ్యాకులత, చెవుడు మున్నగునవియు ఇట్టి లక్షణములను కలిగించును. వానిలో పెక్కింటికి చికిత్స కలదు. రెండు మూడు దినములలోనే మనిషి హఠాత్తుగా తికమకపడిన, అది మూత్రనాళమునందలి చీము వంటి వేఱు కారణముచే కలిగినది కావచ్చును. తత్క్షణమే వైద్యునకు చూపవలెను. అందువలన తొలి పరిచర్య వైద్యపరీక్షయే.

పేరు తెచ్చు చిక్కు

ఆ పరీక్షకు మన ఇండ్లలో ఆలస్యమగుటకు పేరు ఒక కారణమని మా అభిప్రాయము. తెలుగువారు సామాన్యముగా వాడు మాటలు మూడు. మొదటిది చాదస్తము. ఇది ఛాందస శబ్దమునుండి వచ్చినది. వేదమును వల్లించువానికి చెల్లిన పదము లోకజ్ఞానము లేనివానికిని, చెప్పినదే చెప్పువానికిని అన్వయమై, తుదకు ముసలివారి స్వభావమునకు పేరైనది. స్వభావమునకు మందు వెదకువారుండరు. రెండవది మతిమఱపు. ఇది చిన్నలకును పెద్దలకును నిత్యము కలుగు దానికి చెల్లు తేలికమాట. ఇంత పెద్ద కష్టమును మోయజాలదు. మూడవది మతిచలించుట, లేక పిచ్చి. ఈ మాట పడిన ఇంట సిగ్గు పుట్టును. సిగ్గు పుట్టిన ఇల్లు తలుపు మూసికొనును.

శాస్త్రపరిభాష కొఱకు సంస్కృతమును ఆశ్రయింతమన్నను చిక్కులు కలవు. అపస్మారము అనగా వ్యుత్పత్తిచే స్మృతి తొలగుటయే. కాని ఆయుర్వేదమున అది మూర్ఛరోగమునకు రూఢమైనది. స్మృతిభ్రంశము భగవద్గీతలో క్రోధము వలన కలుగు మోహమునుండి పుట్టునదిగా చెప్పబడినది. రోగి చేసిన తప్పిదమునకు ఫలమను ఛాయ దానికి అంటియున్నది. ఇప్పుడు కొందఱు వాడుచున్న చిత్తవైకల్యము సామాన్యుని చెవికి ఉన్మాదమువలెనే వినబడును.

పేరు మార్చుటచే మేలు కలుగునా యని అడుగువారికి జపాను దేశము ఒక దృష్టాంతము. అచ్చట ఈ స్థితికి చిరకాలము వాడుకలోనుండిన 'చిహో' అను మాటలోని లిపిసంకేతములకు తెలివిమాలినతనము అను అర్థము కలదు. ఆ పేరు రోగులను అవమానించుచున్నదని, రోగమును త్వరగా గుర్తించుటకు అడ్డుపడుచున్నదని తలచి ఆ ప్రభుత్వము 2004లో 'నించిషో' అను పేరును స్వీకరించెను. గ్రహణశక్తికి సంబంధించిన రోగమని దాని తాత్పర్యము.

మన భాషలో ఎఱుక అను చక్కని దేశ్యపదము కలదు. తెలియుట, గుర్తించుట, పరిచయము కలిగియుండుట – ఈ మూడర్థములును దానియందు ఇమిడియున్నవి. తెలంగాణమున ఇది నేటికిని నిత్యవ్యవహారమున నున్నది. తఱుగుట అను క్రియ మెల్లమెల్లగా జరుగు క్షయమును చెప్పును గాని నిందను చెప్పదు. ఎఱుక తఱుగుదల అను పదబంధమును విద్వాంసుల పరిశీలనకు ఉంచుచున్నాము. ఇంతకంటె మేలైనది దొరకిన దానినే గ్రహింపవలెను; చాదస్తమను పేరు మాత్రము ఇంక చెల్లరాదు.

మాట తఱుగు క్రమము

అల్జీమరు వ్యాధియందు మాట ఒక్కసారి పోదు. పొరలు పొరలుగా పోవును. ముందు తడబడునవి నామవాచకములు. గడియారమును చూపిన, "చేతికి పెట్టుకుంటారే, టైము చూసేది" అని లక్షణము చెప్పుదురు గాని పేరు దొరకదు. పిదప అదేదో, అక్కడిది, వాడు, అది మున్నగు సర్వనామములు నామముల చోటును ఆక్రమించును. వాక్యనిర్మాణము, ఉచ్చారణ చాలకాలము చెడక నిలుచును. కావుననే బంధువులు గడియసేపు మాటాడి, "బాగానే ఉన్నారే!" అని పోవుదురు, రేయింబవళ్ళు కనిపెట్టియున్నవారి మాటను నమ్మరు.

తెలుగు నిర్మాణము ఈ సందర్భమున రోగికి కొంత ఊతమిచ్చును, కొంత చిక్కు తెచ్చును. మన క్రియాపదము పురుషను, వచనమును, కొంతవఱకు లింగమును తనలోనే మోయును. "వచ్చాడా?" అని రోగి అడిగిన, పేరు దొరకకున్నను పురుషుని గూర్చి యడుగుచున్నట్లు ఇంటివారికి తెలియును. అదే "అది వచ్చిందా?" యన్నచో ఉత్తరము కావచ్చును, బస్సు కావచ్చును, మనుమరాలు కావచ్చును, ఏకవచనమున స్త్రీలకును అమహత్తులకును మనకు ఒకే రూపము కదా. అప్పుడు, "ఎవరు? ఏది? సరిగా చెప్పు" అని గద్దించుటకంటె, "మనవరాలా?" అని ఒక పేరందించి ఊకొట్టుటకు అవకాశమిచ్చుట మేలు.

మన చుట్టఱికపు పిలుపులు వేఱొక విశేషమును చూపును. కూతును అమ్మా యని, కుమారుని నాన్నా యని పిలుచుట తెలుగువారి వాడుక. రోగి కూతును అమ్మా యని పిలిచినపుడు అది ముద్దుపిలుపో, నిజముగా తన తల్లియే యను భ్రాంతియో చెప్పజాలము. ఇందువలన వ్యాధిని కనిపెట్టుట ఆలస్యము కావచ్చును. కాని ఆ పిలుపే పిదప కాలమున ఇరువురకు ఆశ్రయమగును. తన పేరు తల్లి మఱచినదని కుందు కూతునకు, ఆ పిలుపులో తన చోటు ఇంకను మిగిలియున్నదను ఊరట కలుగును.

కంఠస్థమైనది తుదివఱకు నిలుచుట పెక్కురు గమనించినదే. పొద్దుట తిన్నది చెప్పలేనివారు చిన్ననాడు నేర్చిన శతకపద్యమును, మంగళహారతిని, దండకమును తడబడక చెప్పగలరు. సామెతను ఒప్పజెప్పి దాని తాత్పర్యము చెప్పలేకపోవుటయు కలదు. తుదకు వాక్యము పదమై, పదము ఊకొట్టుటయై, అదియు మౌనమగును. అప్పటికిని ఎదుటివారి గొంతులోని ఆదరమును, విసుగును గుర్తించు శక్తి కొంత మిగిలియుండును. మాట పోయినను వినికిడి పోలేదని ఇంటివారు మఱవరాదు.

రెండు భాషలు, కొలతలు

ఈ విషయమున తెలుగునేలపై జరిగిన పరిశోధన ఒకటి లోకప్రసిద్ధమైనది. హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారును వారి సహచరులును 648 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించి 2013లో ఫలితములను ప్రకటించిరి. అందు 391 మంది రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటాడువారు. ఒక్క భాషయే వచ్చినవారికంటె వీరికి రోగలక్షణములు సగటున నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా మొదలైనట్లు తేలినది. చదువురానివారిలో కూడ ఈ భేదము కనబడుట ముఖ్యాంశము. మేలు చేసినది చదువా, భాషలా యను సందేహమునకు అది కొంత సమాధానము. కెనడా వంటి దేశములలో రెండు భాషలవారు చాలమట్టుకు వలసవచ్చినవారు. హైదరాబాదులోనో తెలుగు, దక్కనీ కలిసి వీధిలోనే పుట్టి పెరుగును. ఐనను రెండవ భాష రోగమును రానీయదని కాదు. లక్షణములను వెనుకకు నెట్టునని మాత్రమే దీని భావము.

రోగము ముదిరిన పిదప పెక్కురు తొలిభాషకు మరలుదురు. ఇది అందఱియందును ఒకే తీరున జరుగదు గాని, అమెరికాలోను ఆస్ట్రేలియాలోను బిడ్డల యొద్దనున్న వృద్ధుల విషయమున దీనిని ఆలోచింపవలెను. ఆంగ్లమే తెలిసిన పరిచారకులకును మనుమలకును నాలుగు తెలుగు మాటలు నేర్పుట అచ్చట పరిచర్యలో భాగమే.

కొలత విషయమునను భాషయే అడ్డము వచ్చును. 1975లో ఫోల్‌స్టీన్ మున్నగువారు రచించిన ప్రసిద్ధ పరీక్షలో ఒక ఆంగ్లపదమును వెనుకనుండి వర్ణక్రమముగా చెప్పుమను అంశము కలదు. చదువురానివారికిని, అక్షరమే ప్రమాణముగాగల లిపి మనదగుటచే చదువుకొన్న తెలుగువారికిని ఇది పొసగదు. "ప తో మొదలగు మాటలు చెప్పుము" అన్నచో పిల్లి, పులి చెల్లునా చెల్లవా యను ప్రశ్న తెలుగునకే ప్రత్యేకము. భారతీయ వైద్యపరిశోధనా మండలి సిద్ధముచేయించిన పరీక్షలు తెలుగుతో కూడ ఐదు భాషలలో వెలువడినవి. వానిని వివిధ మాండలికములవారికి అనువుపఱచుటలో భాషావేత్తలు చేయదగిన పని మిక్కిలి కలదు.

ఇంటివారు మాటాడవలసిన రీతి

మొదటి నియమము: పరీక్షింపరాదు. చుట్టములు వచ్చినంతనే "నేనెవరో చెప్పు చూద్దాం" అనుట మన ఇండ్లలో సర్వసామాన్యము. దానివలన రోగికి మిగులునది అవమానమే. "నేను నీ చెల్లెలి కొడుకును, గుంటూరు నుంచి వచ్చాను" అని తామే పేరును వరుసను చెప్పుకొన్నచో ఆ కష్టము తప్పును.

రెండవది: కదా, గా అను చిన్నపదముల విషయమున జాగ్రత్త. "ఇందాకే చెప్పాను కదా", "తిన్నావుగా" అను వాక్యములు వక్తకును శ్రోతకును సమానమైన జ్ఞాపకము కలదని ఊహించి పలుకునవి. రోగికి లేనిది అదియే. అడిగినదే పదిమాఱులు అడుగుట మొండితనము వలన కాదు. అడిగిన సంగతియే మనస్సున నిలువకపోవుట వలన. పదియవ ప్రశ్న ఆమెకు మొదటిదే. కావున చిన్న వాక్యముతో మరల మొదటి సమాధానమే చెప్పవలెను. లేదా ఆ ప్రశ్నకు మూలమైన దిగులును తీర్పవలెను.

మూడవది: మేము, మనము అను భేదము తెలుగునకున్న గొప్ప సంపద. "స్నానం చేయి" యన్న ఆజ్ఞకు మొండికేసినవారు "స్నానం చేద్దాం, రండి" యన్నచో కదలుట కలదు. అందులో అధికారము లేదు; తోడు కలదు. ఒక్కొక్క వాక్యమున ఒక్కొక్క పనియే చెప్పవలెను. "ఏం తింటారు?" అను ప్రశ్న విశాలమై భయపెట్టును, రెండు పళ్ళెములు చూపి "ఇడ్లీయా, ఉప్మాయా?" అనిన ఎంచుకొను గౌరవమును మిగులును, చిక్కును తీరును.

నాలుగవది: మర్యాద తగ్గరాదు. వృద్ధులతో పసివారితోవలె మాటాడినచో వారు పరిచర్యను ప్రతిఘటించుట ఎక్కువగునని పరిశోధనలు తెలుపుచున్నవి. జీవితమంతయు మీరు అనిపించుకొన్నవారిని కూలికి వచ్చిన పరిచారకులు నువ్వు అనిన, ఊరు పేరు మఱచినవారికిని ఆ దెబ్బ తగులును. లాలపోయుట మున్నగు పసిమాటలు వర్జ్యములు. ఐతే ఇందు మాండలికమును గమనింపవలెను. బువ్వ కొన్ని సీమలవారికి పసిమాట. తెలంగాణమున పెద్దలు నిత్యము వాడు మాట. అచ్చటి ముసలమ్మను "భోజనం చేస్తారా?" అనుటకంటె "బువ్వ తింటవా, అత్తమ్మా?" అనుటయే ఆప్తము.

ఐదవది అన్నిటికంటె కఠినము: సత్యాసత్యముల ప్రశ్న. మాపటివేళ సొంత ఇంటనే కూర్చుండి "మా ఇంటికి పోతాను" అనుట ఈ వ్యాధియందు సామాన్యము. మన స్త్రీలకు పుట్టినిల్లు, మెట్టినిల్లు అని రెండిండ్లు. ఆమె కోరునది తఱచుగా మొదటిది. "ఇదే నీ ఇల్లు" అని వాదించుట నిజమే గాని వ్యర్థము. "మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవారు?" అని యడిగి ఆ మాటలలోనికి పోయినచో ఆరాటము అణగవచ్చును. ఏండ్ల క్రిందట పోయిన భర్త ఎక్కడని యడిగినపుడు, పోయినాడని ప్రతిదినము చెప్పుట ప్రతిదినము ఆమెను వితంతువును చేయుటయే. బొంకనక్కఱలేదు; "ఆయన గుర్తుకు వచ్చారా?" యని ఆ తలపునకు తోడుపోయిన చాలును. వాక్యార్థమునకు గాక వక్తృభావమునకు బదులు చెప్పుట – ధ్వనిని బోధించు మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

ఇక నిందలు. "నా గొలుసు తీశారు" అను దోషారోపణ తఱచుగా మిక్కిలి దగ్గఱనుండి సేవచేయువారిపైననే పడును. మన ఇండ్లలో అది కోడలు. అది రోగము పలికించు మాట యని ఇంటివారందఱు ఎఱిగి ఆమె పక్షమున నిలువవలెను. "వెదుకుదాం పదండి" యని కలిసి వెదకుట తగిన ప్రత్యుత్తరము.

సేవచేయువారి స్థితి

లోకమున ఈ రోగులకు ఇంటివారు చేయు సేవాకాలములో నూటికి 70 వంతులు స్త్రీలు చేయునదే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. సేవ ఋణము తీర్చుకొనుట యని మన సంప్రదాయము. కాని ఆ ఋణము ఇంటిల్లిపాదిది, ఒక్కరిది కాదు. నిద్ర లేక, విడుపు లేక ఏండ్లకొలది ఒక్కరే మోయు సేవ మోయువారినే రోగులను చేయును. వారమునకు ఒక పూటయైనను తోబుట్టువులు వచ్చి కూర్చుండుట ధనసహాయమునకు తీసిపోదు.

ఇప్పుడున్న మాత్రలు కొందఱికి కొంతకాలము ఉపశమనము కలిగించును గాని రోగమును మాన్పవు. 2023 తరువాత అమెరికాలో అంగీకృతమైన క్రొత్త మందులు తొలిదశలో క్షీణతను కొంచెము మందగింపజేయును. మెదడు వాపు, రక్తస్రావము అను అపాయములును వానితో కలవు. కావున పరిచర్యయే ప్రధానము. 1992లో కేరళమున పుట్టిన అల్జీమరు సంబంధ వ్యాధుల సంఘమునకు హైదరాబాదులోను శాఖ కలదు. వృద్ధుల కొఱకు 14567, మానసిక సహాయము కొఱకు 14416 అను ఫోను సంఖ్యలు ప్రభుత్వము ఏర్పఱచినవి. తెలివి నిలిచియుండగనే తనకు జరుగవలసిన చికిత్సను గూర్చి ముందుగా వ్రాసియుంచుటకు, తన తరఫున నిర్ణయించు వ్యక్తిని నియమించుటకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము అవకాశమిచ్చుచున్నది. మాట చెల్లునపుడే అడుగవలసిన ప్రశ్న యిది.

మన కర్తవ్యము

ఈ విచారణవలన తేలునవి మూడు. నిందలేని ఒక తెలుగు పేరును స్థిరపఱచుట మొదటిది. రోగుల సంభాషణలను వారియు ఇంటివారియు అనుమతితో, పేరులు తొలగించి, మండలముల వారిగా సేకరించుట రెండవది. తెలుగు మాట ఏ వరుసలో తఱుగునో, నామములు, విభక్తులు, క్రియారూపములు ఏవి ముందు సడలునో తెలియుటకు వేఱు మార్గము లేదు. గ్రామములందలి ఆశా కార్యకర్తలకును గృహస్థులకును వారి వారి మాండలికములలో చిన్న పుస్తకములు కూర్చుట మూడవది. వీనిలో ఏదియు వైద్యులొక్కరి వలన అగునది కాదు.

పదములు ఒక్కొక్కటిగా రాలిపోవు మనిషి యెదుట కూర్చుండి, ఆ మనిషి ఇంకను మాటాడుచున్నాడని నమ్మి వినుట ఈ పరిచర్యకు ప్రాణము. వినుటకు శిక్షణ పొందినవారు మన శాఖలలో కలరు. వారి దృష్టి ఈ వైపునకు ప్రసరించుగాక యని కోరుచున్నాము.